విప్పుటకు పుట్టిన మేకు

మేకుకూ మరమేకుకూ గల భేదమేమి? రెండూ లోహపు ముక్కలే. రెండూ ఒక వస్తువును మరొక వస్తువుతో కలిపి ఉంచేవే. అయితే మేకును సుత్తితో కొట్టి దింపుతాము. దింపిన తరువాత దానిని మరల తీయవలెననే ఆలోచన సాధారణముగా ఉండదు. తీయవలసి వచ్చినచో చెక్క చీలుతుంది, మేకు వంకర పోతుంది. మరమేకు అటువంటిది కాదు. దానిని బిగించిన చేయే విప్పగలదు. విప్పినదానిని అదే చోట మరల బిగించగలదు. అవసరమైనప్పుడు విప్పుకొనుటకు వీలుగా బిగించుటయే దాని ప్రయోజనము. నేడు అందరమూ స్క్రూ అని పిలుచుకొనే ఈ చిన్న వస్తువు తలలోని గాడి చెడిపోయినా, ఒంటిమీది మరచుట్లు తెగిపోయినా, అది మేకుకంటె అధ్వాన్నమవుతుంది. మేకునైనా పీకవచ్చును. తల పోయిన స్క్రూకు ఆ ఉపాయము కూడ లేదు.

ఈ చిక్కు గడియారములో రావచ్చును, కుట్టుమిషనులో రావచ్చును, రేడియో పెట్టె వెనుక పలకలో రావచ్చును. కాని యజమాని తన చేతితో తాను విప్పి చూచుకొనే యంత్రములలో చిరకాలము అగ్రస్థానము మోటారుకారుది. కారులో మాటిమాటికి విప్పవలసి వచ్చినది ఇగ్నిషను భాగము. అనగా పెట్రోలు ఆవిరికి నిప్పు అంటించే రవ్వను పుట్టించే భాగము. కారు కదలనని మొరాయించినప్పుడు అనుభవజ్ఞులు మొదట చూచేది పెట్రోలు వస్తున్నదా అని. తరువాత చూచేది రవ్వ వస్తున్నదా అని. ఆ రెండవ పరీక్షకు చేయి పెట్టిన ప్రతివానికి చిన్న స్క్రూలతో పని పడుతుంది. ఆ స్క్రూలు ఎట్లు పుట్టినవి, వాటి తలలు ఎందుకు చెడిపోతున్నవి, చెడకుండ కాపాడుకొనుట ఎట్లు అనే విషయములను ఈ ప్రసంగములో ముచ్చటించుకొందాము.

తెలుగులో 'మర' అనే ఒక్క మాట స్క్రూకూ చెల్లుతుంది, యంత్రమునకూ చెల్లుతుంది. బియ్యపు మర అన్నా, మరమేకు అన్నా మాట ఒకటే. ఇది మన భాషలోని చక్కని పోలిక. ఏలయనగా యంత్రయుగమునకు మూలమైన సాధనములలో మర ప్రధానమైనది. ఏటవాలు బాటను ఒక స్తంభమునకు చుట్టినట్లు ఊహించినచో అదే మర. కొండకు నిట్టనిలువుగా ఎక్కలేని బండి చుట్టుదారిలో సులువుగా ఎక్కినట్లే, మరచుట్టు వెంట కొద్ది బలముతో గొప్ప ఒత్తిడిని సాధించవచ్చును. క్రీస్తుకు పూర్వము 3వ శతాబ్దమువాడైన ఆర్కిమిడీసు పేర నీటిని ఎత్తిపోసే మర ప్రసిద్ధమైనది. రోమను సామ్రాజ్యములో ద్రాక్షరసమును, ఓలివు నూనెను పిండుటకు కొయ్యమరల గానుగలు వాడుకలోనికి వచ్చినవి. అయితే ఆనాటి మరలు ఒత్తుటకూ ఎత్తుటకూ పనికివచ్చినవేగాని, రెండు లోహపు భాగములను కలిపి బిగించుటకు కాదు.

ఆ పని లోహపు మరమేకుకు ఐరోపాలో 15, 16 శతాబ్దములలో దొరికినది. సైనికుల కవచములలోను, వత్తి తుపాకుల యంత్రములలోను వాటిని వాడినారు. ఇది గమనించవలసిన సంగతి. కవచమును విప్పి తొడుగుకొనవలెను. తుపాకిని విప్పి శుభ్రపరచుకొనవలెను. విప్పవలసిన అవసరము ఉన్నచోటనే మరమేకు పుట్టినది. ఆ మేకు తలమీద అడ్డముగా ఒక గాడి కోసినారు. రంపముతో ఒక్క కోత కోసిన చాలును కనుక చేతిపనివానికి అంతకంటె సులువైన రూపము లేదు. ఆ ఒంటి గాడి సుమారు 4 వందల ఏండ్లు రాజ్యమేలినది.

చేతితో ఆకురాయి పట్టి చేసిన మరమేకులు ఒకదానిని పోలి మరొకటి ఉండేవి కావు. ఒక నట్టుకు ఒక బోల్టు మాత్రమే జంట. ఆ జంట విడిపోయినచో రెండూ వ్యర్థమే. 1760లో ఇంగ్లండులో జాబ్ వయట్, విలియం వయట్ అనే సోదరులు చెక్కకు బిగించే స్క్రూలను యంత్రముపై చేసే పద్ధతికి పేటెంటు పొందినారు. 18వ శతాబ్దపు తుదియేండ్లలో లండనులో హెన్రీ మాడ్స్లే లోహమును ఖచ్చితముగా మర కోసే లేతు యంత్రమును తీర్చిదిద్దినాడు. ఆయన కర్మాగారములో పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ఒక గొప్ప ప్రతిపాదన చేసినాడు. దేశమంతటా స్క్రూల మరకోణము 55 డిగ్రీలుగా ఉండవలెను. ప్రతి లావునకు అంగుళమునకు ఇన్ని చుట్లని నిర్ణయముండవలెను. రైలు కంపెనీలు దానిని స్వీకరించిన తరువాత ఒక ఊరిలో చేసిన బోల్టు మరొక ఊరిలో చేసిన నట్టుకు పట్టుట సాధ్యమైనది.

కాని 1864లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో విలియం సెల్లర్సు తన దేశమునకు 60 డిగ్రీల కోణమును సూచించినాడు. అమెరికా ఆయన మాట విన్నది. ఫ్రాన్సు, జర్మనీ వంటి దేశములు మిల్లీమీటరు కొలతలను పట్టుకొన్నవి. బ్రిటనులోనే చిన్న విద్యుత్ పరికరములకు బ్రిటిష్ అసోసియేషను పేర 47½ డిగ్రీల సన్నని మర వేరుగా ఏర్పడినది. ఇట్లు ఒక్కొక్క దేశము లోపల ఐక్యత కుదిరినదిగాని దేశముల మధ్య భేదము స్థిరపడినది. కంటికి ఒకే విధముగా కనబడే రెండు స్క్రూలలో ఒకటి రెండుమూడు చుట్లు తిరిగి ఆగిపోతుంది. బలవంతముగా త్రిప్పినచో మెత్తని లోహములోని మర తెగిపోతుంది. స్క్రూ చెడుటలోని రెండు విధములలో ఇది ఒకటి. దీనిని 'మర పోవుట' అందాము. రెండవది 'తల పోవుట'. దాని కథ ముందు వస్తుంది.

ఇప్పుడు రవ్వ సంగతికి వత్తాము. ఇంజను లోపల పెట్రోలు ఆవిరికి సరియైన క్షణములో నిప్పు అంటించుట తొలినాటి శిల్పులకు మహాసమస్య అయినది. 1860లో పారిసులో లెన్వార్ తన గ్యాసు ఇంజనుకు విద్యుత్ రవ్వను వాడినాడు. జర్మనీలో డైమ్లర్ ఎర్రగా కాలిన గొట్టమును ఆశ్రయించినాడు. కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన తన మూడు చక్రముల బండికి బ్యాటరీ, ప్రేరణ కాయిలు అమర్చినాడు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ తన ఇద్దరు కుమారులతో కలిసి ఆ బండిలో మాన్‌హైము నుంచి ఫోర్ట్స్‌హైముకు 100 కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసినది. దారిలో పెట్రోలు గొట్టము మూసుకొనిపోగా టోపీ సూదితో పొడిచి తెరచినదనీ, ఇగ్నిషను తీగ పైతొడుగు చెడి విద్యుత్తు కారిపోతుండగా మేజోడు పట్టీని చుట్టి సరిచేసినదనీ చెబుతారు. మోటారు చరిత్రలో మెకానిక్కు లేకుండ దారిలో ఇగ్నిషను బాగుచేసుకొన్న తొలివ్యక్తిగా ఆ ఇల్లాలిని స్మరించుట న్యాయము.

రేడియో సంస్థకు చెందిన మేము ఇక్కడ ఒక బంధుత్వమును ప్రస్తావించకుండ ఉండలేము. బెంజ్ కారులో రవ్వ పుట్టించిన ప్రేరణ కాయిలు వంటిదే 1887లో హైన్రిష్ హెర్ట్స్ ప్రయోగశాలలో విద్యుదయస్కాంత తరంగములను పుట్టించినది. తొలినాటి వైర్‌లెస్ ప్రసారములు కూడ రవ్వలతోనే సాగినవి. అందుచేతనే కారు ఇంజనులోని ప్రతి రవ్వ తానొక చిన్న ప్రసార కేంద్రమై సమీపములోని రేడియోలో చిటపటలు వినిపిస్తుంది. ఆ చిటపటలను అణచుటకు ప్లగ్గులలోను తీగలలోను నిరోధకములు అమర్చుట ఆచారమైనది. ఇగ్నిషనులో ఒక తీగ స్క్రూ వదులైనను వినిపించే గరగర శబ్దము ఒక్కొక్కప్పుడు రోగము ఎక్కడ ఉన్నదో తెలిపే సంకేతమవుతుంది.

జర్మనీలోని రాబర్ట్ బాష్ సంస్థలో 1902లో గాట్లోబ్ హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను రూపొందించినాడు. 1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టి కారులో ఒక కొయ్యపెట్టెలో నాలుగు కాయిళ్లు, ప్రతిదానిపై వణికే పాయింట్లు ఉండేవి. 1927 వరకు ఒకటిన్నర కోటి దాటి తయారైన ఆ కార్లను కొన్న రైతులు, చిన్న వర్తకులు ఆ పాయింట్లను తామే ఆకురాయితో రుద్ది, సర్దుబాటు నట్టును తామే త్రిప్పుకొన్నారు. స్వయముగా బాగుచేసుకొనే అలవాటు విద్యగా వ్యాపించినది ఆ కారుతోనే.

అదే కాలములో అమెరికాలోని డేటన్ నగరములో చార్లెస్ కెటరింగ్, ఆయన నెలకొల్పిన డెల్కో సంస్థ క్యాడిలాక్ కార్లకు ఒక కొత్త ఇగ్నిషను పద్ధతిని సమకూర్చినారు. 1910 ప్రాంతమున మొదలైన ఆ పద్ధతి సుమారు 6 దశాబ్దములు లోకమంతటా చెల్లినది. అందులో బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు కాయిలులోని లావు తీగచుట్టలో ప్రవహిస్తుంది. రెండు చిన్న పాయింట్లు కలిసి ఉన్నంతసేపు ఆ ప్రవాహము సాగుతుంది. డిస్ట్రిబ్యూటరులోని ఇరుసు తిరిగి పాయింట్లను విడదీసిన తక్షణము ప్రవాహము తెగుతుంది. ఆ తెగుటవల్ల కాయిలులోని సన్నతీగచుట్టలో వేలకొలది వోల్టులు పుట్టి ప్లగ్గు చివర రవ్వ దూకుతుంది. కండెన్సరు పాయింట్ల మధ్య వృథారవ్వ పుట్టకుండ కాపాడుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరిగినప్పుడు పాయింట్లు నిమిషమునకు 6,000 సార్లు, అనగా సెకనుకు 100 సార్లు విడివడవలెను.

ఇంతటి సూక్ష్మకార్యము ఒక చిన్న స్క్రూమీద ఆధారపడినది. రెండు పాయింట్లలో కదలని పాయింటు ఒక పలకమీద ఉంటుంది. ఆ పలకను డిస్ట్రిబ్యూటరు అడుగునకు బిగించేది ఒక పొట్టి స్క్రూ. దానిని కొంచెము వదులుచేసి, పలకను అటో ఇటో జరిపి, పాయింట్ల మధ్య ఎడమును ఫీలరు గేజితో కొలిచి, మరల బిగించవలెను. లూకాస్ డిస్ట్రిబ్యూటర్లు గల అనేక బ్రిటిష్ కార్లకు ఈ ఎడము అంగుళములో వేయింట 14 నుంచి 16 వంతులు. అనగా మిల్లీమీటరులో సగముకంటె తక్కువ. ఎడము తగ్గినచో రవ్వ ఆలస్యమవుతుంది, పాయింట్లు కాలుతవి. హెచ్చినచో రవ్వ ముందుగా వస్తుంది, కాయిలునకు నిండే వ్యవధి చాలదు. ఆ స్క్రూ తల చెడి సగము బిగువులో ఆగిపోయినదనుకొందాము. కుదుపులకు పలక జరుగుతుంది, ఎడము మూసుకొనిపోతుంది, కారు నడిదారిలో నిలిచిపోతుంది. అర్ధరాత్రి ఘాటురోడ్డులో కుటుంబముతో పోయేవారికి ఇది చిన్న విషయము కాదు.

తల ఎందుకు పోతుంది? సామాన్యమైన స్క్రూడ్రైవరు మొన ఉలివలె రెండు ప్రక్కల ఏటవాలుగా ఉంటుంది. దానిని గాడిలో పెట్టినప్పుడు అది గాడి అడుగును గాక పైఅంచులను మాత్రమే తాకుతుంది. త్రిప్పినకొద్దీ ఆ ఏటవాలు వెంట మొన పైకి ఎగబ్రాకుతుంది. చేయి క్రిందికి నొక్కిన బలముకంటె పైకి నెట్టే బలము హెచ్చినప్పుడు డ్రైవరు జారుతుంది. జారుతూ గాడి అంచులను తరిగివేస్తుంది. ఒక్కొక్కప్పుడు పనివాని చేతిని కూడ కోస్తుంది.

అట్లు చేయి కోసుకొన్నవారిలో కెనడా దేశపు అమ్మకందారు పీటర్ రాబర్ట్‌సన్ ఒకడని చెబుతారు. ఆయన 1908లో తలలో చతురస్రపు గుంట గల స్క్రూను కల్పించి, మరుసటి ఏట పేటెంటు పొందినాడు. గుంట నాలుగు గోడలూ డ్రైవరును పట్టి ఉంచుతవి కనుక జారుట అరుదు. స్క్రూ డ్రైవరు కొననే అంటిపెట్టుకొని ఉంటుంది కనుక ఒక చేతితోనే పనిచేయవచ్చును. కెనడాలో ఫోర్డు కార్ల తయారీలో ఈ స్క్రూలను విరివిగా వాడి కాలమును ఎంతో ఆదా చేసినారు. కాని తన స్క్రూపై అధికారమును ఇతరులకు అప్పగించుటకు రాబర్ట్‌సన్ అంగీకరింపనందున అది కెనడా ఎల్లలు దాటి అంతగా వ్యాపించలేదు.

ఆ ఖాళీని నింపినది అమెరికాలోని ఆరెగాను రాష్ట్రమునకు చెందిన హెన్రీ ఫిలిప్స్ పేరిట ప్రసిద్ధమైన నాలుగు రెక్కల గాడి. జాన్ థామ్సన్ అనే ఆయన తొలి రూపకల్పనను కొని, ఫిలిప్స్ దానిని సంస్కరించి, 1936లో ముఖ్యమైన పేటెంట్లు పొందినాడు. అమెరికన్ స్క్రూ కంపెనీ దానిని తయారుచేసినది; జనరల్ మోటార్సు తన క్యాడిలాక్ కార్లకు వాడినది. ఈ గాడి యంత్రపు డ్రైవరు మొనను తనంతట మధ్యకు చేర్చుకొంటుంది. కర్మాగారములో కార్లు వరుసగా కదలిపోయేచోట ఇది గొప్ప సౌకర్యము. కాని రెక్కల గోడలు ఏటవాలుగా ఉన్నందున బిగువు ఒక హద్దు దాటగానే డ్రైవరు పైకి తన్నుకొని వస్తుంది. బిగించే యంత్రమునకు అది ఒక విధమైన రక్షణ, అతిబిగువు పడదు. అయితే పది సంవత్సరముల తరువాత తుప్పు పట్టిన అదే స్క్రూను విప్పబోయే చేతికి ఆ గుణమే శత్రువు.

ఈ సంగతిలోనే మన చరిత్ర సారము ఇమిడి ఉన్నది. ఒంటి గాడి స్క్రూను కల్పించినది చేతిపనివాడు. తన తుపాకిని తానే విప్పుకొనవలెను కనుక బిగించుట, విప్పుట రెండూ వాని దృష్టిలో ఉన్నవి. నాలుగు రెక్కల స్క్రూను ఆదరించినది కర్మాగారము. దానికి బిగించుటలోని వేగమే ముఖ్యము. బిగించేవాని సౌకర్యమునకు, విప్పేవాని సౌకర్యమునకు నడుమ ఏర్పడిన ఈ ఎడమే నేటికీ మన స్క్రూల తలలను తినివేస్తున్నది.

రెండవ ప్రపంచయుద్ధము మరల భేదమును మరొకసారి వెల్లడించినది. బ్రిటను వారి మెర్లిన్ విమాన ఇంజనును అమెరికాలో ప్యాకార్డు సంస్థ తయారుచేయుటకు పూనుకొన్నప్పుడు, బ్రిటిష్ మరలనే అమెరికాలో కోయవలసి వచ్చినది. ఈ అనుభవముల ఫలితముగా 1948 నవంబరు 18న బ్రిటను, అమెరికా, కెనడా దేశములు 60 డిగ్రీల ఏకీకృత మరకు సమ్మతించినవి. ఒక విశేషము చెప్పవలెను. ఇగ్నిషనులోని అతి పెద్ద మరమేకు అయిన స్పార్కు ప్లగ్గు ఈ తగవులకు అతీతముగా, అంగుళముల దేశములలో సైతము 14 మిల్లీమీటర్ల మరతో ప్రపంచమంతటా వ్యాపించినది.

మన దేశమునకు ఈ చరిత్ర అంతా ఒక్కసారిగా దిగుమతి అయినది. బ్రిటనులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనాపై హిందూస్థాన్ మోటార్సు వారు పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పారాలో 1957 నుంచి 2014 వరకు అంబాసిడరు కార్లు తయారుచేసినారు. బొంబాయిలో తయారైన ఫియట్, తరువాత ప్రీమియర్ పద్మిని పేర నడచిన కారు ఇటలీ సంతతి. దానిది మిల్లీమీటరు మర. 1983 డిసెంబరులో జపాను సుజుకి సహకారముతో మారుతి 800 వచ్చినది. ఆ వెంటనే జపాను పద్ధతి మోటారు సైకిళ్లు కూడ వచ్చినవి. కావున విజయవాడ ఆటోనగరులోని పనివాడైనా, ఇంటిముందు చెట్టునీడలో కారు విప్పే యజమానియైనా అంగుళపు పానాలు, మిల్లీమీటరు పానాలు రెండూ దగ్గర ఉంచుకొనవలసి వచ్చినది.

జపాను స్క్రూ విషయములో ఒక జాగ్రత్త చెప్పక తప్పదు. దాని నాలుగు రెక్కల గాడి చూపునకు ఫిలిప్స్ గాడివలెనే ఉంటుంది. కాని రెండింటి కొలతలు వేరు. ఫిలిప్స్ డ్రైవరు మొన ఆ గాడిలో అడుగువరకు కూర్చొనదు. అందుచేత జారి గాడిని గుండ్రముగా తొలిచివేస్తుంది. జపాను ప్రమాణపు స్క్రూల తలమీద తరచుగా ఒక చిన్న చుక్క గుర్తు ఉంటుంది. అది కనబడినచో దానికి తగిన డ్రైవరునే వాడవలెను. మోటారు సైకిలు మాగ్నెటో మూతకు గల స్క్రూలలో అనేకము చెడిపోవుటకు కారణము తుప్పు మాత్రమే కాదు, ఈ పొరపాటు కూడ.

ఇక నివారణోపాయములను క్రమముగా చెప్పుకొందాము. ఇగ్నిషనుపై చేయి వేయుటకు ముందు తాళము త్రిప్పి ఆపి, బ్యాటరీ తీగను విప్పి ప్రక్కకు ఉంచవలెను. ఇంజను చల్లబడనివ్వవలెను. తరువాత స్క్రూ తలను పరిశీలించవలెను. గాడిలో మట్టి, గ్రీజు గడ్డకట్టి ఉన్నచో సూదితోను పాత పళ్లబ్రష్షుతోను శుభ్రపరచవలెను. ఎంత మంచి డ్రైవరైనా నిండిన గాడిలో దిగదు. డ్రైవరు మొన గాడి పొడవును, వెడల్పును పూర్తిగా నింపవలెను. గాడిలో పెట్టి అటూ ఇటూ కదిపి చూచినచో ఊగరాదు. మొన అరిగి గుండ్రబడిన డ్రైవరును డబ్బా మూతలు తీయుటకు ఉంచుకొని, ఈ పనికి కొత్తదానిని తీసుకొనుట మేలు.

విప్పేటప్పుడు త్రిప్పే బలముకంటె నొక్కే బలము ముఖ్యము. డ్రైవరును స్క్రూకు నిటారుగా పట్టి, శరీరపు బరువును దానిపై ఉంచి, నిదానముగా త్రిప్పవలెను. డిస్ట్రిబ్యూటరు ఒక మూలన ఉండి చేయి సరిగా దూరకపోతే ప్రక్కవాటుగా త్రిప్పబూనరాదు. పొట్టి డ్రైవరు తెచ్చుకొనవలెను, లేదా అడ్డువచ్చిన గొట్టమును ముందు తొలగించుకొనవలెను. తొందరలో మిగిలే పది నిమిషములు తల పోయిన తరువాత ఒక పూటను మింగుతవి.

మొదటి ప్రయత్నమునకు కదలని స్క్రూతో పోరాడరాదు. ఉక్కు స్క్రూను అల్యూమినియపు డిస్ట్రిబ్యూటరులో బిగించినప్పుడు తేమవల్ల ఆ రెండు లోహముల మధ్య రసాయనిక చర్య జరిగి తెల్లని పొడి ఏర్పడుతుంది. అది స్క్రూను కరచి పట్టుకొంటుంది. ఉప్పుగాలి తగిలే సముద్రతీరములో ఇది మరింత త్వరగా జరుగుతుంది. తుప్పువదిలించే పలుచని నూనెను ఒక చుక్క వేసి కొన్ని గంటలు, వీలైనచో ఒక రాత్రి, విడువవలెను. పాయింట్లమీద మాత్రము నూనె పడనీయరాదు. డ్రైవరును గాడిలో ఉంచి దాని పిడిమీద సుత్తితో మెల్లగా రెండు మూడు దెబ్బలు కొట్టినచో పట్టు సడలుతుంది. ముందు బిగించే దిశకు వెంట్రుకవాసి త్రిప్పి, తరువాత విప్పినచో అనేక స్క్రూలు లొంగుతవి. సుత్తి దెబ్బనే త్రిప్పుగా మార్చే ఇంపాక్టు డ్రైవరు దృఢమైన ఇంజను మూతలకు మంచిది. పెళుసైన డిస్ట్రిబ్యూటరు లోపల దానిని వాడరాదు.

డ్రైవరు ఒక్కసారి జారినదంటే అది హెచ్చరిక. అక్కడనే ఆగవలెను. రెండవసారి జారుట గాడిని చెరుపుతుంది, మూడవసారి జారుట నాశనము చేస్తుంది. కవాటములు నూరే గరుకు ముద్దను డ్రైవరు మొనకు కొద్దిగా పూసినచో పట్టు పెరుగుతుంది. పని ముగిసిన తరువాత దానిని పూర్తిగా తుడిచివేయవలెను. తల పైకి ఉబికి ఉన్నచో కోరలుగల పటకారుతో పట్టి త్రిప్పవచ్చును, లేదా సన్నని రంపపు బ్లేడుతో కొత్త గాడి కోయవచ్చును. ఈ చివరి ఉపాయములో నాలుగు వందల ఏండ్లనాటి తుపాకి పనివాని కోతనే మనము మరల కోస్తున్నాము. ఇవేవీ పనిచేయనప్పుడు స్క్రూ నడుమ తొలిచి తీయవలెను. అది నేర్పుగల మెకానిక్కు పని.

బిగించుటలో మరకు రక్షణ కావలెను. స్క్రూను గుంటలో పెట్టి ముందుగా విప్పే దిశకు మెల్లగా త్రిప్పినచో ఒకచోట చిన్నగా 'టక్కు'మని దిగుతుంది. మర మొదలు అదే. అక్కడనుంచి బిగించినచో అడ్డమర పడదు. తొలిచుట్లు వ్రేళ్లతోనే త్రిప్పవలెను. వ్రేళ్లకు బరువు తగిలినచో విప్పి మరల ప్రారంభించవలెను. స్పార్కు ప్లగ్గునకు ఈ నియమము మరీ ముఖ్యము. అల్యూమినియపు ఇంజను తలలో ప్లగ్గు మర పోయినచో ఆ నష్టము ఒక స్క్రూ ధరతో తీరేది కాదు. వేడి ఇంజనులో ప్లగ్గును విప్పుటకు, బిగించుటకు పూనుకొనరాదు. తయారీదారు చెప్పిన బిగువు అంకెను పాటించవలెను. మరలకు పూత పూయవలెనా, వలదా అనే విషయములో కూడ ఆయన సలహాయే శిరోధార్యము. ఏలయనగా నూనె పూసిన మర అదే చేతిబలమునకు మరింత బిగుస్తుంది.

చిన్న స్క్రూను పెద్ద పిడి డ్రైవరుతో బిగించునప్పుడు పిడిని గుప్పిటితో గాక మూడు వ్రేళ్లతో పట్టుట మంచి అలవాటు. తీసిన స్క్రూలను ఒక పళ్లెములో తీసిన వరుసలోనే పేర్చవలెను. పొడవు స్క్రూను పొట్టి గుంటలో బిగించినా, పొట్టిదానిని పొడవు గుంటలో రెండు చుట్లమీదనే నిలిపినా మర పోతుంది. డిస్ట్రిబ్యూటరు లోపలికి స్క్రూ జారిపడకుండ చుట్టూ ఒక గుడ్డ పరచవలెను.

పాయింట్ల యుగము ముగిసినది. 1973లో అమెరికాలో క్రైస్లర్ సంస్థ తన కార్లన్నిటికి పాయింట్లు లేని ఎలక్ట్రానికు ఇగ్నిషనును అమర్చినది; 1975లో జనరల్ మోటార్సు ఆ దారిలో నడచినది. తరువాత డిస్ట్రిబ్యూటరే మాయమైనది. నేటి కార్లలో ఒక్కొక్క ప్లగ్గుపై ఒక్కొక్క కాయిలు కూర్చుంటున్నది. వారము వారము పాయింట్లు రుద్దే బాధ తప్పినది. కాని ఆ కాయిలును పట్టి ఉంచేది ఇప్పటికీ ఒక చిన్న బోల్టే. అది దిగేది అల్యూమినియములో గాని ప్లాస్టిక్కు మూతలో అమర్చిన లోహపు గూటిలో గాని. ప్లగ్గు ఇప్పటికీ మరతోనే బిగుస్తున్నది. తరచుగా విప్పే అవసరము తగ్గినందున అవి ఏండ్ల తరబడి కదలక మరింత గట్టిగా కరచుకొంటున్నవి.

తలల రూపములు కూడ మారినవి. 1967 ప్రాంతమున వచ్చిన ఆరు కోణముల నక్షత్రపు గాడి, దాని పేరు టార్క్స్, ఏటవాలు గోడలు లేనందున జారుట బాగా తగ్గినది. ఆ విధముగా అది విప్పేవానికి కూడ మేలు చేసినది. కాని అదే నక్షత్రము నడుమ ఒక పుల్ల నిలిపి, ప్రత్యేకమైన పనిముట్టు లేనివారు విప్పకుండ చేసిన రకములు కూడ ఉన్నవి. వస్తువును కొన్నవానికి దానిని విప్పే హక్కు ఎంతవరకు ఉన్నదనే ప్రశ్న నేడు పెక్కు దేశములలో చట్టసభల వరకు పోయినది. ఆ ప్రశ్నకు చట్టము ఇచ్చే జవాబు ఒకటి. మన చేతి పనితనము ఇచ్చే జవాబు మరొకటి. విప్పుటకు హక్కు దొరికినా, తగిన డ్రైవరును ఎన్నుకొనే ఓర్పు లేనివానికి తల పోయిన స్క్రూయే మిగులుతుంది. పనిముట్ల పెట్టెలో ఒంటి గాడికి రెండు, ఫిలిప్స్‌కు రెండు, జపాను గాడికి రెండు, నక్షత్రపు గాడికి నాలుగైదు డ్రైవర్లను వేరువేరుగా ఉంచుకొని, ప్రతిదాని పిడిమీద గుర్తు వ్రాసుకొన్న గృహస్థు, ఈ ఐదు శతాబ్దముల అనుభవమును చేతికి అందేచోట పెట్టుకొన్నట్లే.